యంత్రం మీద మోపిన నేరం
(యువజన సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

 

సంఘం వాళ్లు నన్ను ఒక సినిమా గురించి మాట్లాడమన్నారు. అదీ మనుషులకూ ఏఐకీ యుద్ధం జరిగే ఇంగ్లీషు సినిమా. యానాది, యెరుకల, సుగాలి పిల్లల సభలో ఇదేం ముచ్చట అని వెనక కూర్చున్న మామలు నవ్వుకుంటున్నారు. నవ్వనీండి. ఇట్లాంటి కథలు మన గడ్డకు కొత్తేం కాదు. ‘ఆదిత్య 369’ తీసిన సింగీతం శ్రీనివాసరావు గారు 1931లో పుట్టింది మన ఉదయగిరిలోనే. 1991లో వచ్చిన ఆ సినిమాలో కాలయంత్రం ఎక్కినవాళ్లు 1526కి, కృష్ణదేవరాయల కాలానికి పోతారు. అక్కడి నుంచి 2504కి పోతారు. ఆ రాయలే 1514లో గజపతుల చేతుల్లోంచి మన ఉదయగిరి దుర్గాన్ని గెలుచుకున్నాడు. 2010లో వచ్చిన ‘రోబో’ అయితే మీలో చూడనివాళ్లు ఉండరు. చిట్టి తన చేతులూ కాళ్లూ తానే విప్పుకుంటుంటే గొంతు పట్టేస్తుంది కదా. యంత్రం కోసం ఏడవడం మనకు అలవాటైన పనే.

ఈరోజు నేను చెప్పే సినిమా పేరు ‘ద క్రియేటర్’. 2023 సెప్టెంబరు 29న విడుదలైంది. దర్శకుడు గారెత్ ఎడ్వర్డ్స్. ఎనిమిది కోట్ల డాలర్లతో తీశారు. హాలీవుడ్ లెక్కలో అది చిన్న బడ్జెట్టే. చిత్రీకరణలో చాలాభాగం సోనీ ఎఫ్‌ఎక్స్3 అనే కెమెరాతో చేశారు. చేతిలో పట్టుకుని తిరిగేంత చిన్నది అది. షార్ట్ ఫిల్ములు తీసే కుర్రాళ్లు ఈ మాట గుర్తుపెట్టుకోండి. శబ్దానికీ, విజువల్ ఎఫెక్ట్స్‌కీ ఆస్కార్ నామినేషన్లు కూడా వచ్చాయి.

కథేందంటే, 2055లో అమెరికాలోని లాస్ ఏంజెలెస్ నగరం మీద అణుబాంబు పేలుతుంది. ఏఐ పేల్చిందని ప్రభుత్వం చెబుతుంది. అక్కడి నుంచి అమెరికా కూటమిలో ఏఐ మీద నిషేధం. కానీ ‘న్యూ ఏషియా’ అని పిలిచే మన వైపు దేశాల్లో మాత్రం యంత్రాలు మనుషులతో కలిసే బతుకుతుంటాయి. పొలం పని చేస్తాయి, బౌద్ధ ఆరామాల్లో జపం చేస్తాయి, పిల్లల్ని సాకుతాయి. వాటిని చంపడానికి అమెరికా నోమాడ్ అనే పెద్ద ఆయుధాన్ని ఆకాశంలో నిలబెడుతుంది. దాని నీలం వెలుతురు ఊరి మీద పడిందంటే తర్వాత పడేది క్షిపణే.

ఆ యంత్రాలను పుట్టించినవాళ్లను ఆ కథలో ‘నిర్మాత’ అంటారు. అచ్చంగా మన మాటే. మన దగ్గర నిర్మాత అంటే డబ్బు పెట్టేవాడు, అక్కడేమో దేవుడితో సమానం. సరే, మన సినిమావాళ్లను అడిగితే రెండూ ఒకటే అంటారేమో.

జాషువా అనే సైనికుడు నిర్మాత తయారుచేసిన కొత్త ఆయుధాన్ని వెతుక్కుంటూ పోతాడు. అతనికి దొరికేది చిన్న పాప. పేరు ఆల్ఫీ. చెవుల దగ్గర ఇటు నుంచి అటు కనిపించే బొక్క ఒక్కటే, మిగతా అంతా మనిషి పిల్లే. చంపాల్సిన పిల్లను చంపలేక వెంటబెట్టుకుని తిరుగుతాడు. దారిలో స్వర్గం మాట వస్తుంది. మంచి మనుషులే అక్కడికి పోతారని అతను చెబుతాడు. అయితే మనిద్దరికీ దారి లేదంటుంది ఆ పిల్ల. అతను మంచివాడు కాదు, తను మనిషే కాదు. ఇంత పెద్ద సినిమాలో నాకు మిగిలిపోయింది ఆ రెండు నిమిషాలు.

ముగింపు చెప్పను. కానీ నడుమ బయటపడే ఒక రహస్యం చెప్పకపోతే నా మాట ముందుకు పోదు. ఆ బాంబు పేలింది మనిషి చేసిన పొరపాటు వల్లనని ఏఐ వైపు వాళ్లు చెబుతారు. ఎవరో కోడ్ తప్పు రాశారు, నేరం యంత్రాల జాతి మొత్తం మీద పడింది. అప్పటి నుంచి అప్పుడే పుట్టిన యంత్రం కూడా నేరస్థురాలే. ఆల్ఫీ ఏమీ చేయలేదు. పుట్టింది, అంతే.

ఇది ఎక్కడో విన్నట్టు లేదూ?

1871లో తెల్లదొరలు క్రిమినల్ ట్రైబ్స్ యాక్ట్ అని ఒక చట్టం చేశారు. 1911లో దాన్ని మన మద్రాసు ప్రెసిడెన్సీకీ తెచ్చారు. ఒక కులాన్నో తెగనో నేరస్థ జాతి అని ప్రకటిస్తే చాలు, ఒక్కొక్కరి మీద నేరం రుజువు చేయాల్సిన పని లేదు. పేరు రిజిస్టర్లో ఎక్కుతుంది, వేలిముద్రలు తీసుకుంటారు, పిలిచిన వేళకు హాజరు పలకాలి, ఊరు దాటాలంటే చీటీ కావాలి. యెరుకలవాళ్ల కోసం 1913లో స్టూవర్టుపురం సెటిల్మెంట్ పెట్టారు. మన జిల్లాలో కప్పరాళ్లతిప్ప కూడా అట్లాంటి సెటిల్మెంటే. ఉప్పూ ధాన్యం గాడిదల మీద వేసుకుని ఊరూరా తిరిగి అమ్ముకునే జాతికి రైలొచ్చాక ఆ బేరం పోయింది. బేరం పోయినవాళ్లు రోడ్ల మీద కనబడితే దొంగలని రాశారు. కోడ్ ఎవరు రాశారు, నేరం ఎవరి మీద పడింది, మీరే ఆలోచించండి.

మద్రాసు రాష్ట్రంలో ఆ చట్టం 1947లో పోయింది, దేశమంతటా 1952 ఆగస్టు 31న పోయింది. కానీ 1948లోనే ‘అలవాటు పడిన నేరస్థులు’ అనే కొత్త పేరుతో మద్రాసులో ఇంకో చట్టం వచ్చింది. రాసిన రాత అంత తేలిగ్గా చెరగదు. 2024 అక్టోబరులో సుప్రీంకోర్టు జైలు రిజిస్టర్లలో కులం గడి తీసేయమని చెప్పాల్సి వచ్చింది. విముక్త జాతులను అలవాటు నేరస్థులతో కలిపి చూసే జైలు నిబంధనలు చెల్లవని అదే తీర్పులో చెప్పింది. అంటే చట్టం పోయిన 70 ఏళ్ల తర్వాత కూడా కాగితం మీద ఆ మచ్చ ఉండింది.

అందుకే ఆల్ఫీని చూసి మనకు ఏడుపొస్తే అది మెత్తదనం కాదు. ఆ నీలం వెలుతురు ఏందో మన తాతలకు తెలుసు.

అయితే ఇక్కడ జాగ్రత్త. సినిమా మన చేత ఒక పొరపాటు చేయిస్తుంది. ఏఐ అంటే ఆల్ఫీ అనుకునేలా చేస్తుంది. మన ఊళ్లోకి వచ్చే ఏఐకి పసిపిల్ల మొహం ఉండదు. అది నోమాడ్ లాగా పైనుంచి చూసే రకమే ఎక్కువ. రేషన్ డిపోలో వేలిముద్ర మిషను ఉందే, అది ఏఐ కాకపోయినా దాని వరస చూడండి. కంప కొట్టి, మట్టి మోసి, ఎలుక బొరియలు తవ్విన వేళ్ల మీద గీతలు అరిగిపోతాయి. మనిషి ఎదురుగా నిలబడి ఉంటాడు, నువ్వు నువ్వు కాదంటుంది మిషను. 1897లో కలకత్తాలో వేలిముద్రల కార్యాలయం పెట్టినప్పుడు ఆ ముద్రలను వరసపెట్టే లెక్క కట్టినవాళ్లలో అజీజుల్ హక్ అనే మనదేశపు పోలీసాయనే ముఖ్యుడు. తెలివి మనదే. దాన్ని ఎవరి మీద వాడాలో మాత్రం తెల్లదొర చెప్పాడు.

ఇక అసలు ఏఐ. అది పాత రాతల్ని చదివి నేర్చుకుంటుంది. పాత పోలీసు రిజిస్టర్లన్నీ దానికి తినిపించి, దొంగతనం ఎవరు చేసుంటారని అడిగితే ఏం చెబుతుంది? 1911లో రాసిందే చెబుతుంది. అప్పుడు దొర చెప్పాడని కొట్టేయొచ్చు, ఇప్పుడు కంప్యూటర్ చెప్పిందంటారు. ఇది నా ఊహే అనుకోకండి. అమెరికాలో జాయ్ బువలామ్వినీ, టిమ్నిట్ గెబ్రూ అనే ఇద్దరు నల్లజాతి ఆడపిల్లలు 2018లో ఒక పరీక్ష చేశారు. మొహం చూసి ఆడో మగో చెప్పే మూడు కంపెనీల సాఫ్ట్‌వేర్లు అవి. తెల్లటి మగవాళ్ల దగ్గర తప్పు నూటికి ఒకటి కూడా లేదు. నల్లటి ఆడవాళ్ల దగ్గర ఒక సాఫ్ట్‌వేర్ నూటికి 34 దాకా తప్పింది. నేర్పిన ఫొటోల్లో అట్లాంటి మొహాలు తక్కువ. కూర్చుని లెక్క తీసిందాకా ఆ సంగతి బయటపడలేదు. కంప్యూటర్లు చదివే పిల్లలకు ఈ ఇద్దరి పేర్లు చెప్పాలనే నేనింత దూరం వచ్చింది.

సినిమా మీద నాకు ఒక కోపం ఉంది. న్యూ ఏషియా ఊళ్లలో జనం గుంపులు గుంపులుగా చస్తుంటారు. వాళ్లలో పేరున్నవాళ్లు చాలా తక్కువ. దుఃఖమంతా అమెరికా సైనికుడిదే. తెలుగు సినిమాలో యెరుకల అమ్మ సోది చెప్పడానికి వచ్చి పోయినట్టే, యానాది అసలు కనబడనట్టే. చూసేటప్పుడు వెనక నిలబడ్డవాళ్లను కూడా చూడండి. చెరువు గట్టు మీద పరిగెత్తే ఆ ముసలామె ఎవరు, ఆమె కథ ఏందని అడగండి. ఆ కథ రాసే పని హాలీవుడ్ చేయదు.

సినిమా రెండు గంటల పదమూడు నిమిషాలు. మాటలు అర్థంకానివాళ్ల పక్కన ఇంగ్లీషు తెలిసినవాళ్లు కూర్చోండి. వెనక తెర కట్టారు. టీ తాగి వచ్చేయండి, చిన్నపిల్లల్ని ముందు వరసలో కూర్చోబెడదాం.