బేరం మాటలు
(సంఘం సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

బేరం గురించి మాట్లాడమని కార్యదర్శి గారు అన్నప్పుడు, ఈ విషయంలో అనుభవమంతా ఆడపడుచులదే గదా అన్నాను. ఆయన వినలేదు. పది నిమిషాలు ఇస్తానన్నారు, నేను పదిహేను అడిగాను, పన్నెండు దగ్గర తెగింది.

నేను సర్కారు కచేరిలో గుమాస్తాగా పనిచేసినవాణ్ణి. మా దగ్గర ఫైలు మీద పడ్డ అంకె పడ్డట్టే ఉంటుంది. బదిలీ మీద గోదావరిఖనికి వచ్చినాక, కూరగాయల మార్కెట్లో, లక్ష్మీనగర్ అంగళ్లలో చూస్తే ఏ అంకే నిలకడగా ఉండేది కాదు. ఇక్కడికి బొగ్గు బాయిల పని కోసం కరీంనగర్ పల్లెల నుంచి వచ్చారు, కోస్తా నుంచి వచ్చారు, ఉత్తరాది నుంచీ వచ్చారు. ఒకరి మాట ఒకరికి సగమే తెలిసేది. కోస్తావారు ఖరీదు, చవక అంటే మనం పిరం, అగ్గువ అంటాం. ఆరునెలలు అంగట్లో తిరిగేసరికి వాళ్లూ "ఇంత పిరమా?" అనడం నేర్చారు. బాయి దిగి వచ్చిన మనిషికి బేరమాడే ఓపిక ఉండదు గనుక ఈ విద్య అంతా ఇల్లాళ్ల చేతిలోనే ఉండేది.

ఆ మాటల తీరు ఒక్కసారి గుర్తు చేసుకోండి.

"వంకాయలు ఎట్లిస్తున్నవ్ అవ్వా?"

"కిలో నలభై బిడ్డా."

"అమ్మో, గంత పిరమా? ముప్పయికియ్యి."

"ముందుగాల సరుకు సూడు. పొద్దుగాల తెంపిన కాయ. ముప్పయికి నాకే గిట్టదు."

"అయితే వద్దుతియ్యి."

నాలుగడుగులు పోయేసరికి వెనుక నుంచి పిలుపు. "ఇగ రా బిడ్డా! నీది వద్దు, నాది వద్దు, ముప్పయ్యైదు. బోణి బేరం, కాదనకు."

ఇందులో ఎవరూ అబద్ధమాడలేదని నా అభిప్రాయం. "గిట్టదు" అంటే నష్టమని కాదు, ఇంకొక మాట అడుగు అని. "ఆఖరు మాట" అన్నప్పుడు ఆ తర్వాత ఇంకొకటి ఉంటుందని ఇద్దరికీ తెలుసు. ఆ మీదట కొసరు. రెండు పచ్చిమిరపకాయలు, ఇంత కల్యామాకు సంచిలో పడితే గాని బేరం ముగిసినట్టు కాదు. పశువుల అంగట్లోనైతే మాటే ఉండదు. తువ్వాల కింద వేళ్లు పట్టుకొని ధర తేల్చుకుంటారు, పక్కవాడికి తెలియకుండా.

నయాపైసలు 1957 ఏప్రిల్ 1న వచ్చినా మన నోట చారాణ, ఆఠాణ, బారాణ పోలేదు. పావలా బిళ్ల 2011 జూన్ 30 నుంచి చెల్లకుండా పోయింది. చారాణ కోడికి బారాణ మసాలా మాత్రం ఇప్పటికీ చెల్లుతూనే ఉంది.

అయితే ఆ నాలుగడుగులు పోగలిగినవాళ్లే బేరమాడగలరు. ఉద్దెర ఖాతా ఉన్న ఇల్లాలు కిరాణా కొట్టు ముందు నోరెత్తేది కాదు. షావుకారి ఎంత రాస్తే అంత. జీతం నాడు పాత బాకీ తీర్చి, మళ్లీ అదే పుస్తకంలో కొత్త పేజీ. నగదు ఉన్నవాళ్లకు అగ్గువ, లేనివాళ్లకు పిరం.

కార్మికుల వేతనాల సంగతీ అంతే. బొగ్గు గనుల వేతన ఒప్పందం కోసం సంఘాలు, యాజమాన్యాలు ఏళ్ల తరబడి కూర్చుంటాయి. పదకొండో ఒప్పందం 2021 జులై నుంచి వర్తించాల్సింది, 2023 మే నెలలో సంతకాలయ్యాయి. 19 శాతం దగ్గర తెగింది. అవసరమైతే లేచిపోతాం, బాయి దిగం అనగలిగిన బలం ఉన్నది గనుక అది బేరం.

మరి దిగిపోయినవాళ్లకు? బొగ్గు గనుల పింఛను పథకం 1998లో వచ్చింది. అందులో పింఛనుకు కరువు భత్యం కలపలేదు. నా వంటి సర్కారు పింఛనుదారుకు భత్యం ఆలస్యంగానైనా వస్తుంది. పక్కింటి బాయి కార్మికుడి భార్యకు రాసిన అంకె రాసినట్టే ఉంటుంది, కందిపప్పు ధర మాత్రం ఆగదు. ఆమె ఎవరితో "గిట్టదు" అనాలి? ఏ కొట్టు ముందు నుంచి నాలుగడుగులు పోవాలి? ఆమె ఆకుకూర కట్ట దగ్గర రెండు రూపాయలకు పట్టుబడితే పిసినారి అనేవాళ్లను నేను విన్నాను. ఆమె లెక్క వాళ్లకు తెలియదు. మన సంఘం తీర్మానాల్లో సర్కారు పింఛనుదారుల భత్యంతో పాటు ఈ సంగతీ రాయాలని నేను అడుగుతున్నాను. ఇందులో బేరం లేదు.

ఇప్పుడు పిల్లలు ఫోను చూపించి డబ్బు కడుతున్నారు. "చిల్లర లేదు" అనే మాట అటూ ఇటూ పనికిరాకుండా పోయింది. ప్యాకెట్ మీద గరిష్ఠ చిల్లర ధర చూసి నోరు మూసుకుంటున్నాం. అంతకు మించి అమ్మకూడదని దాని అర్థం, తగ్గించి అమ్మకూడదని కాదు.

మొన్న కూరగాయల దగ్గర, కూర్చున్నామెది నా ఈడే గదా అని చెప్పిన ధర చెప్పినట్టు ఇచ్చాను. ఆమె నోటు పట్టుకొని నా ముఖం చూసింది. "ఏంది సారూ, బేరమాడుత లేవు, పానం మంచిగ లేదా?"

"మంచిగనే ఉన్నది చెల్లె" అన్నాను. ఐదు రూపాయలు వాపసు ఇచ్చి, సంచిలో ఇంత కల్యామాకు వేసింది.