మందుకు ఊరుంటుంది

అధ్యక్షుడు ముందు మాట్లాడితే సభ మొదలవుతుంది, చివర మాట్లాడితే భోజనాలు మొదలవుతాయి. నన్ను ముందు నిలబెట్టారు కాబట్టి ఆకలి సంగతి ఎత్తను.

చరకుడు తన సంహితలోని కల్పస్థానంలో మూలికల సేకరణ చెబుతూ నేల సంగతి కూడా తెస్తాడు. పొడి నేల జాంగలం, చెమ్మ నేల ఆనూపం, రెండూ కలిసినది సాధారణం అని దేశాన్ని మూడుగా విడదీస్తాడు. ఏ నేలలో, ఏ ఋతువులో తీశారో తేలాకే మొక్క మందవుతుంది. వాతావరణ మార్పు గురించి మాట్లాడేటప్పుడు మనం ఈ మాట మరచిపోతున్నాం. మొక్క బతుకుతుందా లేదా అన్నదొక్కటే అడుగుతున్నాం.

మన శేషాచలాన్నే చూడండి. ఎర్రచందనానికి పుట్టిల్లు ఈ దక్షిణ తూర్పు కనుమలే. తెల్లకరక, మొగి, కొండ సాంబ్రాణి, పెరిత కూడా ఇక్కడివే. పలచని మట్టి, గట్టి రాయి, రెండు ఋతుపవనాల వాన, మధ్యలో మండే ఎండ. ఇదే వీటి సంసారం. కొండ మీదికి కిలోమీటరు ఎక్కితే సుమారు 6.5 డిగ్రీలు చల్లబడుతుంది. అంటే ఒక్క డిగ్రీ వేడి పెరిగితే, పాత చల్లదనం కోసం మొక్క దాదాపు 150 మీటర్లు పైకి పోవాలి. 1901 నుంచి 2018 దాకా మన దేశపు సగటు ఉష్ణోగ్రత సుమారు 0.7 డిగ్రీలు పెరిగింది. ఆ లెక్కన 100 మీటర్ల బాకీ అప్పుడే పడింది. హిమాలయాల్లో 3,000 మీటర్ల పైన పెరిగే కటుకరోహిణికి ఇంకా పైన కొండ ఉంది, కొంతకాలమైనా. తిరుమలే 850 మీటర్ల ఎత్తున ఉంది. ఆపైన ఇంకాస్త ఎక్కితే మొగికీ తెల్లకరకకీ కొండే అయిపోతుంది.

వాన సంగతి వేరు. 2021 నవంబరులో కురిసిన వానకు చెయ్యేరు మీది అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగింది. ఒక్క వానను పట్టుకుని వాతావరణం మారిపోయిందనడం శాస్త్రం కాదు, నేనూ అనను. కానీ నెల వాన ఒక్క రోజులో పడితే వాలులో నీరు ఇంకదు, మట్టినే తీసుకుపోతుంది. రాతి సందుల్లో గుప్పెడు మట్టిని పట్టుకుని ఊరే నన్నారి గడ్డకు ఆ గుప్పెడే ఆస్తి.

ఇక పటాలు. మొక్క ఇప్పుడున్న చోట్ల ఎండా వానా లెక్క తీసి, 2050లో, 2070లో అది ఎక్కడ బతకగలదో కంప్యూటరు రంగులు వేసి చూపిస్తుంది. ఆ పనిని నేను తక్కువ చేయను. అయితే పటంలో పచ్చగా కనిపించిన చోట నేల మీద మిరప తోట ఉండొచ్చు, నాలుగు వరుసల రోడ్డు ఉండొచ్చు. ఎర్రచందనం కాయకు రెక్క ఉంది నిజమే, అది ఎగిరేది పక్క వాలు దాకానే. మనమే తీసుకెళ్ళి నాటవచ్చు కదా అంటారు. నాటుతున్నారు, చెట్టు పెరుగుతుంది కూడా. మందుకు కావలసింది చెట్టు కాదు, చేవ. తెల్ల చెక్క ఎందుకూ కొరగాదు. ఆ ఎర్రటి చేవ కట్టడానికి పదుల ఏళ్ళు పడుతుంది, దానికి నేలా ఎండా కలిసిరావాలి. మనిషి సంగతీ అంతే. నన్నారి ఏ బండ కింద ఊరుతుందో తెలిసిన యానాది పెద్ద పటంతో పాటు కదలడు. ఆయన కొండ ఆయనకు తెలుసు, పక్క జిల్లా కొండ తెలియదు. నాకు అన్నిటికన్నా పెద్ద నష్టంగా కనిపించేది ఈ ఎరుక పోవడమే.

విద్యార్థులకు ఒక పని చెబుతాను. తిరుపతిలో, అనంతపురంలో విశ్వవిద్యాలయాల హెర్బేరియాలు, అంటే అట్టలకు అంటించి దాచిన ఎండు మొక్కల భాండారాలు, ఉన్నాయి. పాత అట్టల మీద కోసిన తేదీ, చోటు ఉంటాయి. పూత మీదుందో కాయ మీదుందో మొక్కే చెబుతుంది. ఒక్క మొక్కను ఎంచుకోండి. అదే నెలలో అదే కొండకు వెళ్ళి చూసి రాయండి. డబ్బు పెద్దగా అక్కర్లేదు, కాళ్ళు కావాలి.

మధ్యాహ్నం పటాలు చూపబోయే మిత్రులకు ఒక విన్నపం. ప్రతి పటం కింద ఆ మొక్క తెలుగు పేరూ, దాన్ని ఎవరు ఏ నెలలో తవ్వుతారో, ఆ ఒక్క వరుస చేర్చండి.