క్లచ్చు విడువని బండి



బడిపంతులుగా జీవితమంతయు తెలుగు, సంస్కృతములు చెప్పినవాడు మోటారు సైకిలు క్లచ్చును గూర్చి ప్రసంగింపబూనుట మీలో కొందఱికి వింతగా దోపవచ్చును. కాని నేటి పల్లెలలో ఎడ్లబండి లేని యిండ్లు పెక్కు గలవు; మోటారు సైకిలు గల యిండ్లును పెక్కు గలవు. ఇంట నున్న వస్తువు గుణదోషముల నెఱుగుట గృహస్థునకు ధర్మమే. అదియునుగాక, ఈ క్లచ్చు మూలమున నేనొక తప్పు చేసితిని. దానిని నలుగురిలో జెప్పుకొనుటయు నేటి నా యుద్దేశములలో నొకటి.

మొదట క్లచ్చనగా నేమో విచారింతము. ఇంజను తిరుగుచునే యుండును. చక్రమో, ఒకప్పుడు తిరుగవలయును, ఒకప్పుడు నిలువవలయును. ఎడ్లు నడచుచుండగనే బండి నిలువవలెనన్నచో కాడి దింపవలయును గదా! ఇంజనునకును గేర్లకును నడుమ అట్టి కాడి వంటిదే క్లచ్చు. మన చిన్న మోటారు సైకిళ్ళలో ఇది సాధారణముగా ఇంజనాయిలులో తడియుచు నుండును. రాపిడి పూతగల ప్లేట్లు నాలుగైదు, వాని నడుమ నున్నని యుక్కు ప్లేట్లు, దొంతరగా పేర్చి స్ప్రింగులతో అదిమి యుంతురు. అదుము ఉన్నంతసేపు అన్నియు నొక్కటియై తిరుగును. ఎడమచేతి లివరు నొక్కినపుడు క్లచ్చు వైరు ఇంజను మీది చిన్న చేతిని లాగును. అంతట స్ప్రింగుల యదుము తొలగి ప్లేట్లు ఒకదానినొకటి విడుచును. లోపల ఇందులకు గలుగు కదలిక ఒకటి రెండు మిల్లీమీటర్లు మాత్రమే. కావున పైన నొక్కిన నొక్కులో కొంత దారిలోనే వ్యర్థమైనచో లోపలి పని జరుగదు. నూతిగిలక మీద తాడు వదులుగా నున్నపుడు మనము రెండు బారలు లాగినను చేద కదలదు. ఇదియు నట్టిదే.

ఇక నా కథ. గత వర్షాకాలమున మా మనుమడు డిగ్రీ పరీక్షలకై పదునైదు దినములు నా బండిమీద పట్టణమునకు బోయి వచ్చెను. చివరి దినమున వాడు, "తాతయ్యా, క్లచ్చు సరిగా విడుచుట లేదు. గేరు మార్చునపుడు కటకటమనుచున్నది. రేపు బండి తీయకుము" అనెను. నేను వినలేదు. "నీవు క్లచ్చు సగము పట్టుకొని నడిపి ప్లేట్లు అరగదీసితివి. అప్పగించిన సొత్తును కాపాడుట చేతగాదు" అని పదిమంది యెదుట మందలించితిని. వాడు, "ప్లేట్లు అరిగినచో బండి లాగదు గాని, విడువకుండుట యుండదు తాతయ్యా" అని చెప్పబోయెను. "నాకే తర్కము నేర్పెదవా?" యని గద్దించి నోరు మూయించితిని.

మఱునాటి యుదయమున బండి నెక్కి, లివరు పూర్తిగా నొక్కిపట్టి, మొదటి గేరు వైచితిని. చేయి వదలకముందే బండి ముందునకు దుమికెను. ఎదుట ముగ్గుగిన్నె పట్టుకొని మా చిన్న మనుమరాలు నిలిచియుండెను. ఆ పిల్లను మా కోడలు ఇవతలికి లాగినది గనుక సరిపోయినది. బండి అరుగునకు దగిలి ఆగెను. ముగ్గుగిన్నె చక్రము క్రింద నలిగెను. ఆ గిన్నెను నేటికిని నేను పాఱవేయలేదు.

పిలిపించిన మెకానిక్కు ఒకమాఱు లివరు నొక్కి చూచి, "ప్లేట్లు పోయినవి, ఇంజను విప్పవలె" ననెను. నేను సరేయనబోతిని. అప్పుడు మనుమని మాట జ్ఞప్తికి వచ్చెను. జీవితమంతయు పొగను జూచి నిప్పు నూహించు విధము పిల్లలకు జెప్పినవాడను. నా యింటి విషయమున హేతువు చూడకయే తీర్పు చెప్పితినని సిగ్గు గలిగెను. మనుమని పిలిచి, "నీకు దెలిసిన క్రమమున చూపుము, నేను చూతును" అంటిని. వాడు చూపిన క్రమమే మీకు మనవి చేయుచున్నాను.

క్లచ్చునకు రెండు విరుద్ధ రోగములు గలవు. మొదటిది జారుట: ఇంజను రొద పెరుగును, బండి వేగము పెరుగదు, మిట్ట ఎక్కలేదు. ప్లేట్ల పూత అరుగుటచేత ఇది కలుగును. రెండవది విడువకుండుట: లివరు నొక్కినను బండి ముందునకు లాగును, గేరు పడదు, నిలిచియున్న బండిని న్యూట్రలునకు దెచ్చుట కష్టమగును. కావున "ప్లేట్లు అరిగినవి" యన్న నా నిందకు ఆ లక్షణములతో పొత్తే లేదు. మితిమీరిన వేడిచే ఉక్కు ప్లేట్లు వంకరపోయినచో మాత్రము అవి విడువకుండుట గలదు. కాని అది వేఱు విషయము; దానికి వేఱు నిదర్శనము కావలయును.

మొదటి పరీక్ష. ఇంజను ఆపి, బండిని కొంచెము ముందు వెనుకలకు కదల్చుచు గేర్లు వేయవలయును. ఆగియున్నపుడు సులభముగ పడి, ఇంజను నడచునపుడే పడనిచో దోషము గేర్లది కాదు, క్లచ్చుది.

రెండవ పరీక్ష. ఇంజను ఆగియుండగనే బండిని పెద్ద స్టాండు మీద నిలిపి, గేరు వైచి, లివరు నొక్కిపట్టి, వెనుక చక్రమును చేతితో ద్రిప్పవలయును. కొంచెము బరువుగానైనను తిరిగినచో క్లచ్చు విడుచుచున్నది, బిగిసియున్నచో విడువలేదు. ఇంజను నడచుచుండగా ఈ పరీక్ష చేయరాదు. ఆయిలు జిగటచేత ఆరోగ్యముగ నున్న క్లచ్చు సైతము గాలిలోని చక్రమును మెల్లగా ద్రిప్పును. అది రోగము కాదు. తిరుగు చక్రములో చేయి పెట్టుట ప్రమాదము.

మూడవది లివరు చివర నుండు వదులు. మెకానిక్కులు దీనిని ప్లే అందురు. పెక్కు బండ్లకు ఇది 10 మొదలు 20 మిల్లీమీటర్ల వఱకు ఉండవలయును. మీ బండి పుస్తకమున వ్రాసియున్నదే ప్రమాణము. అంతకు మించినచో నొక్కు వ్యర్థమగును. అట్లని పూర్తిగా బిగించుటయు తగదు. వదులు బొత్తిగా లేనిచో ప్లేట్లు ఎల్లప్పుడును సగము విడివడియే యుండి, జారి, కాలిపోవును.

నాలుగవది ముఖ్యము. ఒకరు లివరు నొక్కుచుండగా మఱియొకరు ఇంజను మీది చిన్న చేతిని చూడవలయును. చేయి నిండుగ కదలియు ప్లేట్లు విడువనిచో దోషము లోపల నున్నది: వంకరపోయిన ప్లేట్లు, చాల దినములు నిలిపియుంచుటచే అంటుకొన్న ప్లేట్లు, లోపలి తోపుడు కమ్మి అరుగుట, ఇట్టివి. అంటుకొన్న ప్లేట్లు, ఇంజను ఆపి, గేరు వైచి, లివరు నొక్కిపట్టి, బండిని ముందు వెనుకల కదల్చిన తఱచు విడిపోవును. చేయియే సరిగా కదలనిచో దోషము వెలుపలిది. ఇంజను విప్ప నక్కఱలేదు.

మా బండిలో చేయి సగమైనను కదలలేదు. హ్యాండిలు కుడికి ద్రిప్పినపుడు కొంత కదలెను. ఎడమకు ద్రిప్పినపుడు మఱింత తగ్గెను. ఉన్నచో నుండుట, లేనిచో లేకుండుట యను అన్వయ వ్యతిరేకములు రెండును వైరునే చూపుచున్నవి. మనుమడు వైరు వెంబడి చేయి పోనిచ్చి హ్యాండిలు మెడకడ ఆగెను. అచ్చట నల్లని తొడుగు చిట్లి, లోపలి యుక్కు చుట్ట నోరు తెఱచియుండెను. లివరు నొక్కినప్పుడెల్ల అది ఉబుకుచుండెను. లోపలి తీగ లాగుటకు బయటి తొడుగు ఎదురు నిలువవలయును. తొడుగు కుంగినచో లాగుడంతయు దానిలోనే ఖర్చగును. తీగ తెగకున్నను వైరు పాడగుటకు ఇదియే కారణము.

ఆ తొడుగు ఏల చిట్లెను? అచ్చట ఒక పురికొస ముడి యుండెను. ముందటి యేట హెడ్‌లైటు బాగు చేయించినపుడు, వ్రేలాడుచున్న ఆ వైరును చట్రమునకు బిగించి కట్టినవాడను నేనే. ప్రతిరాత్రియు హ్యాండిలును ఎడమకు ద్రిప్పి తాళము వేయునపుడు అది నడుమ నలుగుచు వచ్చినది. తాళము వేయువాడనును నేనే.

కొత్త వైరు తెచ్చి, పురికొస లేకుండ, మొదట దానికేర్పఱచిన కొక్కెములలోనుండియే పోనిచ్చి, వదులు సరిచేయగా గేర్లు మెత్తగా పడినవి. ఇంజను విప్పలేదు.

మఱి రెండు మాటలు. వైరు రెండు మూడు దినముల కొకసారి బిగింపవలసి వచ్చుచున్నచో, లివరు కడ దాని పోగులు ఒక్కొక్కటిగ తెగుచున్నవని గ్రహించి వెంటనే మార్పింపుడు. దారిలో వైరు తెగినచో కంగారు పడక, యాక్సిలరేటరు వదలి, బ్రేకు వేయుచు ప్రక్కకు జేరి, ఇంజను ఆపుడు. క్లచ్చు మీద అనుమానమున్న బండిని, ఎదుట మనుష్యులుండగా ఎన్నడును గేరు వేయకుడు.

ఆనాటి సాయంకాలము, మనుమని ఎవరియెదుట నిందించితినో ఆ పదిమంది యెదుటనే, "తప్పు నాది" యని చెప్పితిని. వాడు తలవంచుకొని, "పోనీలే తాతయ్యా" అనెను. పెద్దలమగు మనము పిల్లలను మందలింపవచ్చును. కాని వారు హేతువు చెప్పినపుడు వినుట మఱచినచో, ఇంజను తిరుగుచున్నను కాడి దిగని బండివంటి వారమగుదుము. నా విషయమున ఒక ముగ్గుగిన్నెతో పోయినది. అందఱికిని అంతటితో పోవునని చెప్పజాలము.

సెలవు.