పేగును నడిపే రసాయనాలు

అన్నం మింగేవరకే మన ఇష్టం. ఆ తర్వాత పేగులో దాన్ని ముందుకు నెట్టే కండరానికి మన ఆజ్ఞతో పనిలేదు. అది రసాయనాల మాట వింటుంది.

ఆహారపు ముద్ద పేగు గోడను ఒత్తగానే లోపలి పొరలోని కొన్ని కణాలు సెరటోనిన్‌ను విడుదల చేస్తాయి. ఒంట్లోని సెరటోనిన్‌లో దాదాపు 90 శాతం ఉండేది మెదడులో కాదు, పేగులోనే! ఆ కబురు గోడలోని నాడులకు అందుతుంది. ముద్దకు వెనకవైపు నాడులు ఎసిటైల్‌కోలిన్ వదులుతాయి. దాంతో కండర కణాల్లో కాల్షియం పెరిగి, మయోసిన్ తంతువులు పనిలోకి దిగి, గోడ బిగుసుకుంటుంది. అదే సమయంలో ముందువైపు నైట్రిక్ ఆక్సైడ్ వెలువడి కండరాన్ని సడలిస్తుంది. వెనక బిగువు, ముందు వదులు. ముద్ద కదులుతుంది. లండన్‌లో బేలిస్, స్టార్లింగ్ అనే శాస్త్రవేత్తలు 1899లోనే ఈ తీరును వర్ణించారు.

నన్ను ఎక్కువగా ఆశ్చర్యపరిచేది ఆ సడలింపే. కొందరు పసిపిల్లలకు పుట్టుకతోనే పెద్దపేగు చివరి భాగంలో ఈ నాడీకణాలు ఉండవు. సడలమని చెప్పేవాళ్లు లేక అక్కడ పేగు బిగుసుకునే ఉంటుంది. మలం ముందుకు పోదు, పొట్ట ఉబ్బుతుంది. దీన్ని హిర్ష్‌ప్రుంగ్ వ్యాధి అంటారు. ఆపరేషన్ చేసి ఆ భాగాన్ని తీసేస్తారు. పుట్టి ఒక రోజు దాటినా బిడ్డకు నల్లటి తొలి మలం పడకపోతే, ఆముదాలూ చిట్కాలూ వద్దు. వెంటనే పిల్లల డాక్టరుకు చూపించండి.