గడ్డి నేల బీడు కాదు
(తాండూరు రైతుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



తాండూరు అంటే నాపరాయి, కంది. మన కందికి 2022లో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. కానీ రాయి పైకి తేలి నాగలి దిగని చోట మొలిచే గడ్డికి కాగితాల్లో విలువ లేదు. దాన్ని బీడు అని రాసుకుంటారు. మనం కంచ అంటాం, గైరాన్ అంటాం. చేలల్లో పైరున్నన్నాళ్లూ మన గొర్లూ మేకలూ బతికేది అక్కడే.

మోమిన్‌పేట మండలంలోని ఎన్కతల గడ్డి మైదానాన్నే తీసుకోండి. చలికాలంలో హారియర్ అనే గద్దలు మధ్య ఆసియా నుంచి అక్కడికి వస్తాయి. రాత్రిళ్లు గడ్డిలో నేల మీదే పడుకుంటాయి. మిడతలు, ఎలుకలు వాటి తిండి. గుంటనక్క కూడా ఎలుకల్నే పడుతుంది. ఇవి మన చేలకు జీతం అడగని కావలివాళ్లు.

ఇలాంటి చోట గుంతలు తవ్వి మొక్కలు నాటితే అడవి రాదు. ఉన్న గడ్డి పోతుంది, నేల మీద గూడు కట్టే పిట్ట పోతుంది, కాపరి బతుకూ పోతుంది. చెట్లకు మనం వ్యతిరేకం కాదు. మూసీ పుట్టిన అనంతగిరి అడవి మనదే. కొండ మీద చెట్టుండాలి, గడ్డి నేలలో గడ్డే ఉండాలి.

అభయారణ్యం అని బోర్డు పెట్టి కంచె వేస్తే సరిపోతుందా? నంద్యాల జిల్లా రోళ్లపాడును చూడండి. బట్టమేక పిట్ట కోసం 1988లో అక్కడ అభయారణ్యం ఏర్పాటైంది. లోపల కృష్ణజింకలు పెరిగి చుట్టుపక్కల చేల మీద పడ్డాయి. రైతుకు పిట్ట మీద ఉన్న అభిమానం జింకల మీది కోపంలో కరిగింది. చుట్టూ పంటలూ మారిపోయాయి. ఏడాదికి ఒక్క గుడ్డే పెట్టే ఆ పిట్ట అక్కడ కనిపించడమే గగనమైంది. రైతును బయట నిలబెట్టి పిట్టను కాపాడలేం. అడవి పందులు కందిని కుళ్లబొడుస్తుంటే చూస్తున్న మనకు ఇది ఒకరు చెప్పాల్సిన సంగతి కాదు.

2026ను ఐక్యరాజ్యసమితి పచ్చిక భూముల, పశుపోషకుల సంవత్సరంగా ప్రకటించింది. ఈ సందర్భంగా మనం అడిగేవి మూడే. గడ్డి నేలలను బీడు జాబితా నుంచి తీసేయాలి. వాటిలో మేపు హక్కును గ్రామసభ చేతిలో ఉంచాలి. అడవి జంతువుల వల్ల పంట పోతే ఆ కారు ముగిసేలోగా పరిహారం అందాలి.

మన వంతు పనీ ఉంది. ఎండాకాలం కంచకు నిప్పు పెట్టొద్దు. గడ్డిలో గూడు కనిపిస్తే మందను పక్కకు మళ్లిద్దాం. కంచ నిలిస్తేనే మంద నిలుస్తుంది, మంద నిలిస్తేనే చేనుకు ఎరువు.