చాట్‌బాట్ ఉన్నా టీచరు ఎందుకు?

(మోతీనగర్‌లో సొసైటీ వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

ఈ ఏడాది కొందరు దాతలు ఒక ప్రశ్న అడిగారు. "పిల్లలకు తలా ఒక ట్యాబ్ కొనిస్తే, చాట్‌జీపీటీ లాంటి చాట్‌బాటే ఇంగ్లీషు నేర్పుతుంది కదా! ఇక టీచర్లకు డబ్బు ఎందుకు?" న్యాయమైన ప్రశ్నే. అందుకే మన సాయంకాలం తరగతుల్లో పాఠాలు చెబుతున్న డీఎడ్, బీఎడ్ విద్యార్థులను అడిగాను. రేపు బడిలో నిలబడేది వాళ్లే. వాళ్లు చెప్పింది మీ ముందు పెడుతున్నాను.

వాళ్లెవరూ చాట్‌బాట్‌ను కాదనలేదు. 2022 నవంబరులో చాట్‌జీపీటీ వచ్చినప్పటి నుంచి వాడుతున్నవాళ్లే ఎక్కువ. కూరగాయల బేరం మీద చిన్న సంభాషణ కావాలంటే నిమిషంలో రాసిస్తుందన్నారు. తప్పు మాట్లాడితే నవ్వుతారని క్లాసులో నోరు విప్పని అమ్మాయి దాని ముందు ధైర్యంగా మాట్లాడుతుందన్నారు. పదిసార్లు అడిగినా దానికి విసుగు రాదు.

అయితే అప్పుడే మొదలుపెట్టిన పిల్లల విషయంలో వాళ్లకు కొన్ని సందేహాలున్నాయి.

మన పిల్లలు ఇంట్లో దక్కనీ, వీధిలో తెలుగు మాట్లాడతారు. "నాకు ఇద్దరు అన్నలు" అన్నా, "మేరెకు దో భాయాఁ హై" అన్నా, రెండింట్లోనూ మాట "నాకు" అనే మొదలవుతుంది. ఇంగ్లీషులో మాత్రం "ఐ హ్యావ్ టూ బ్రదర్స్" అనాలి. పిల్ల "మీ టూ బ్రదర్స్" అంటే చాట్‌బాట్ వాక్యం సరిచేసి ఇస్తుంది. ఎందుకని అడిగితే కారణమూ చెబుతుంది. కానీ అలా అడగాలని ఆ పిల్లకు తెలియదే! రెండు భాషలూ తెలిసిన టీచరు అడగకుండానే చెబుతుంది.

ఉచ్చారణ సంగతీ అంతే. "ఇస్కూల్" అన్నా ఫోన్ చాలాసార్లు "స్కూల్" అనే రాసుకుంటుంది. తప్పు దాటిపోతుంది, పిల్లకు తెలియనే తెలియదు. ఇక చాట్‌బాట్ తప్పు చెప్పినా ఒప్పు చెప్పినంత ధీమాగానే చెబుతుంది. టీచరు పట్టుకోగలదు, కొత్తగా నేర్చుకునే పిల్ల పట్టుకోలేదు. ఇంకో మాట. చాట్‌జీపీటీ వాడాలంటే 13 ఏళ్లు నిండాలని, 18 లోపువారికి తల్లిదండ్రుల అనుమతి ఉండాలని ఆ సంస్థ నిబంధనలే చెబుతున్నాయి. మన తరగతుల్లో చాలామంది అంతకంటే చిన్నవాళ్లు.

అవసరం చిన్నది కాదు. 2022-23 నుంచి తెలంగాణ సర్కారు బడుల్లో ఒకటి నుంచి ఎనిమిదో తరగతి వరకు ఇంగ్లీషు మీడియం వచ్చింది. ఇంట్లో ఇంగ్లీషు చదివి చెప్పేవారు లేని పిల్లలకు సాయంకాలం తరగతే ఆధారం. ఇంగ్లీషు బోధన బాగుపడాలంటే ముందు టీచర్లను తయారు చేయాలన్నది మన నగరానికి కొత్త సంగతి కాదు. నేటి ఇఫ్లూ 1958లో ఇక్కడే సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఇంగ్లీష్‌గా మొదలైంది. ఇంగ్లీషు టీచర్లకు శిక్షణ ఇవ్వడం దాని ముఖ్యమైన పని.

ట్రైనీ టీచర్ల సూచన ఇది. పిల్లకో ట్యాబ్ వద్దు, తరగతికి ఒకటి చాలు. అది టీచరు చేతిలోనే ఉండాలి. ముందు పిల్లలు ఒకరితో ఒకరు మాట్లాడాలి. చివరి పది నిమిషాలు టీచరు పక్కనుండగా చాట్‌బాట్‌ను ప్రశ్నలు అడగాలి. అది ఇచ్చిన జవాబులో ఏది ఒప్పో, ఏది తప్పో అందరూ కలిసి చూడాలి. ఇంటిపని మాత్రం చేత్తో రాసి, మర్నాడు నోటితో చెప్పాలి.

అలా మిగిలే సొమ్మును ఈ ట్రైనీలకు నెలనెలా స్టైపెండ్‌గా, బస్సు ఖర్చులుగా ఇద్దామని నా మనవి. వాళ్లలో చాలామంది పరీక్షలు కాగానే సంపాదన కోసం వేరే పనుల్లోకి వెళ్లిపోతున్నారు. ట్యాబ్ పాడైతే మరొకటి కొనవచ్చు. పిల్లల పేర్లూ, ఎవరికి ఎక్కడ తడబాటో తెలిసిన టీచరు మధ్యలో వెళ్లిపోతే మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టాలి.

మీరిచ్చిన ప్రతి రూపాయీ మా దగ్గర అమానత్. అది ఎక్కడ ఎక్కువ పనికొస్తుందో చెప్పడం మా బాధ్యత. అల్లాహ్ మీ దానాన్ని స్వీకరించుగాక.