సవానా పురసందర్శనము



అమెరికావారు ఆర్.వి. యని వ్యవహరించు ఇంటిబండి యొకటి కలదు. పడక, పొయ్యి, నీళ్లతొట్టి, స్నానపుగది అన్నియు నందే యుండును. మా అమ్మాయియు అల్లుడును అట్టి బండి నద్దెకు దీసికొని నన్ను ఆ దేశపు దక్షిణసీమకు దోడ్కొనిపోయిరి. జార్జియా రాష్ట్రమందలి సవానా నగరమును అట్లు చూచితిని. స్కిడవే ద్వీపమందలి ఉద్యానమున బండిని నిలిపి, అద్దెకారులో నగరము చేరి, కాలినడకన దిరిగితిమి. అంత పెద్ద బండి పాతవీధులలో మసలుట కష్టము. పైగా ఆ యూరి యందము నడచువానికే తెలియును.

1733వ సంవత్సరమున జేమ్స్ ఓగల్‌థార్ప్ అను ఆంగ్లేయుడు ఈ పురమును స్థాపించెను. నడుమ చతురస్రపు ఆవరణము, దానికి తూర్పు పడమరల ప్రజాభవనములకు స్థలములు, ఉత్తర దక్షిణముల గృహములు. ఇది యొక పేట. ఊరు పెరిగినకొలది ఈ తీరుననే క్రొత్త పేటలు వేసిరి. మొత్తము 24 చతురస్రములలో నేడు 22 నిలిచియున్నవి. వానియందలి ఓక్ వృక్షములనుండి నెరసిన జడలవంటి తీగలు వ్రేలాడుచుండును.

1954లో ఎల్లిస్ చతురస్రమందలి పాత అంగడిభవనమును గూల్చి, కార్లు నిలుపుటకు కట్టడము లేపిరి. మరుసటి యేట 1820 నాటి డేవెన్‌పోర్ట్ గృహమునకును అదే గతి పట్టనుండగా, ఏడుగురు స్త్రీలు పూనుకొని ధనము కూర్చి దానిని కొని కాపాడిరి. వారు నెలకొల్పిన సంఘము పిమ్మట వందలకొలది కట్టడములను నిలిపినది. 2010లో ఎల్లిస్ చతురస్రము మరల ప్రజలకు దెరువబడెను. కార్లిప్పుడు భూమిక్రింద నిలుచును.

ఇది జమ. ఇక ఖర్చుపుట చూడవలెను. 1735లో బానిసత్వమును నిషేధించిన యా సీమలోనే 1751 నుండి దాని ననుమతించిరి. 1859 మార్చి 2, 3 తేదీలలో సవానా చేరువ గుఱ్ఱపుపందెముల మైదానమున, పియర్స్ బట్లర్ అను భూస్వామి ఋణవిముక్తికై 429 మంది మనుష్యులను వేలమున నమ్మెను. వచ్చిన సొమ్ము 3,03,850 డాలర్లు. అమ్ముడుపోయినవారిలో అనేకులు మనవలె వరియు, ప్రత్తియు పండించినవారే. పేరు, వయస్సు, చేయగల పని వరుసగా వ్రాసిన జాబితా యొకటి ముందే అచ్చయినది. లెక్కలు వ్రాయుటయే వృత్తియైన నాకు ఆ జాబితా సంగతి విని మనస్సు కలతవడినది. అక్షరములు, అంకెలు చక్కగా నుండియు లెక్క ఎంత ఘోరమైనది కావచ్చునో అప్పుడు తెలిసినది. ఆ తావునకు సమీపమున స్మారకఫలకము 2008లో గాని వెలయలేదు. చతురస్రములు మాత్రము చూచి మరలినవాడు సగము లెక్కయే చూచినవాడగును.

మన గ్రంథాలయమునకు 25 ఏండ్లు నిండినవి. ఇండ్లలో మూలబడిన పాతకాగితములను దీనికొసగుడని ప్రార్థించుచున్నాను. కోవెల కట్టించినవారి పేర్లతోపాటు, ఏ బావికడ ఎవరిని నీరు తోడుకొననీయలేదో అదియు మన యూరి చరిత్రలో చేరవలెను. ఆ సంగతు లెరిగిన వృద్ధులు ఇంకను మనలో నున్నారు. వారు చెప్పినచో వ్రాసికొనుటకు, ఏ పేటకైనను, ఏ గడపకైనను నేనే వత్తును.